లిఫ్టుకు స్పానిష్ వచ్చు

సోమవారం హోటల్లో ముప్పైమంది స్పానిష్ అతిథులు దిగుతున్నారు. వాళ్ళతో మాట్లాడే పని ఎవరికివ్వాలా అని మేనేజరు చూస్తున్నాడు. అది తనకే వస్తుందని లిఫ్టు మెకానిక్ ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర అందరికీ చెబుతున్నాడు.

"స్పానిష్‌లో పని పురమాయించడం నాకు మంచినీళ్ళ ప్రాయం. మాట చివర 'ర్' పీకెయ్, అంతే. రెస్పిరార్ అంటే ఊపిరి తీసుకోవడం. రెస్పిరా అంటే, ఊపిరి తీసుకో. కొమేర్ తినడం, కోమె తిను. అబ్రిర్ లాంటి 'ఇర్' మాటైతే ఆ 'ఇర్' తీసేసి 'ఎ' తగిలించు. ఆబ్రె, తెరువు. పోయిన నెల ఆ స్పానిష్ ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుంది కదా, బయట నుంచి రెస్పిరా అన్నాను. తీసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు వాచ్‌మన్.

"సూబె అన్నాను, పైకెక్కు అని. కరెంటు లేదు, తాడు తెగింది, అయినా లిఫ్టు ఎక్కింది."

"తాడు లేకుండానా?"

"నా గొంతు పట్టుకుని ఎక్కింది బావా. మనవి ఆరంతస్తులేనా, అది తొమ్మిదో అంతస్తు దాకా పోయింది. మబ్బు అడ్డమొస్తే దాన్నీ ఆబ్రె అన్నాను, తలుపులా రెండుగా విడిపోయింది. ఇక చాల్లెమ్మని బాహ అన్నాను, దిగు అని. లిఫ్టుతో పాటు సూర్యుడూ దిగబోయాడు. 'నిన్ను కాదయ్యా' అని ఆపాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు మిట్టమధ్యాహ్నమే చీకటి పడేది."

బల్ల మీద కూర్చున్న రిసెప్షన్ అమ్మాయి స్పానిష్ చదువుకున్న మనిషి.

"బాబాయ్, పెద్దావిడతో అలా అనరు. రెస్పిరె, ఆబ్రా అనాలి, చివరి అక్షరం తారుమారు చేసి. నీకొచ్చినవన్నీ 'నువ్వు' మాటలే. ఎందుకో చెప్పనా?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే అమ్మా."

"ఇరుక్కున్నది నువ్వు. లోపల నువ్వు బావురుమంటుంటే, ఆవిడే బయట నిలబడి మనవడికి చెప్పినట్టు రెస్పిరా, రెస్పిరా అంది. నేనక్కడే ఉన్నాను."

వాచ్‌మన్ మీసం నిమురుకునే వంకతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మెకానిక్ తన టీగ్లాసులోకి చూశాడు.

"బయటికొచ్చాక నీళ్ళిచ్చి ఇంకో మాట కూడా అంది," అందా అమ్మాయి.

"బేబె," అన్నాడతను నెమ్మదిగా. "తాగు అని."

"మరి తాగు బాబాయ్. చల్లారిపోతోంది."

అతను తాగాడు.