స్తెఫను ఇంట్లో రైల్ రోకో

2011. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. గనులు బంద్, బస్సులు బంద్, రైళ్లు బంద్. గోదావరిఖనిలో ఒక క్వార్టర్ల లైను, అందులో గని కార్మికుడు స్తెఫను ఇల్లు, ముందు గది. ఎదురుగా సమ్మె కమిటీ కన్వీనరు పోశం. వంటింట్లో స్తెఫను భార్య హన్నా.

"ఆపు అంటున్న స్తెఫనూ."

"అది బొమ్మ రైలు పోశమన్నా."

"రైలా, కాదా?"

"రైలే. కని బొమ్మది."

"రైల్ రోకో అంటే పెద్ద రైళ్లే ఆపాలె, చిన్నయి ఉరుకచ్చు అని ఎవడన్న చెప్పిండా? చౌరస్తల టెంటు కింద కూసున్నోళ్లంత నవ్వుతాండ్రు. తెలంగాణ అంత ఆగింది, పోశం లైన్ల మాత్రం గూడ్సు నడుస్తాంది అని."

"గూడ్సు కాదన్నా."

"మరి ఇంజను ఎనుక టబ్బులల్ల బొగ్గు ఏంది? నాకు కండ్లు లేవా?"

"అది నల్లబెల్లం."

"బెల్లమా?"

"చాయ్‌ల తీపి తక్కువైందంటివి గద. హన్నా పంపింది."

"అంటే... ఇందాకటి చాయ్ గూడ గీ రైలుల్నే వచ్చిందా?"

"మరి? వంటింట్ల ఎక్కింది, దర్వాజ దాటింది, నీ ముందట దిగింది. మూడో నంబరు ఇంజను."

"నేను తాగలే. మూతి పెట్టి చూసిన, గంతే."

"గిలాస ఖాళీగున్నది."

"మాట మార్చకు. మంచిర్యాల నుంచి పెద్దలు వస్తాండ్రు. సమ్మె ఎట్ల నడుస్తాందో చూసి, ఈడనే బువ్వ తిని పోతరు."

"ఈడ అంటే?"

"ఈడనే. మీ ఇంట్ల."

"హన్నాను అడిగినవా?"

"పొద్దుగాల కోడిని పంపిన గద. ఇంక అడిగేదేమున్నది? నా చెల్లె చేతి కూర అని అందరికి చెప్పి పెట్టిన. వాళ్లు లోపలికి రాంగనే గా ఇంజను కూత పెట్టిందనుకో, నా కన్వీనరు పదవి ఊడుతది. ఇజ్జత్ పోతది."

"కూత పెట్టదు. కూత పెట్టుమని ఇంక రాయలే దాంట్ల."

"ప్లగ్గు ఏడున్నది?"

"అన్నా, ప్లగ్గు ముట్టకు. చెయ్యి తియ్. నీకు దండం పెడుత."

"ఏం, ముడితే?"

"కరెంటు పోతే ఇంజన్లు నంబర్లు మర్చిపోతయి."

"నంబర్లేంది, ఇంజన్లు మర్చిపోవుడేంది?"

"చెప్త, ఇను. ఎన్కట ఎట్లుండె? పట్టాలల్ల కరెంటు ఇడిస్తే ఉరుకుడు, కట్ జేస్తే ఆగుడు. రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒక్కసారే ఉరికేటియి. ఇప్పుడు పట్టాలల్ల కరెంటు ఎప్పుడూ ఉంటది. ఆ కరెంటుల్నే మాట పంపుత. మూడో నంబరు, నువ్వు పో. ఐదో నంబరు, నువ్వు ఆగు. ఇంజను కడుపుల చిప్పు ఉంటది. దాని నంబరు పిలిస్తేనే ఇంటది. దీన్ని డిజిటల్ అంటరు."

"అంటే అందరికి కరెంటు ఒక్కటే. కని ఒక్కొక్కన్ని ఏరు జేసి, నంబరు పెట్టి పిలిచి, పనిల దింపుడు."

"ఆ... గట్లనే అనుకో."

"ఇది మేనేజిమెంటు బుద్ధి స్తెఫనూ. అందరికి ఒక్కటే నంబరు పెట్టు."

"పెట్టి చూసిన. గుద్దుకున్నయి."

"మొదట్ల గుద్దుకుంటయి. ఐక్యత అంటే గట్లనే ఉంటది."

"ఒకటి మంచం కింద పడ్డది. దాని చక్రం ఇంక దొరుకలే."

"ఎవడు నేర్పిండు నీకిదంత?"

"నెట్టు సెంటర్ల సదువుకున్న. సమజ్ గానిది జ్యోతినగర్ల సత్తిబాబు సారును అడిగిన."

"ఆంధ్ర ఇంజనీరునా? సమ్మె టైముల?"

"సారు చిప్పు గురించి చెప్పిండన్నా, రాష్ట్రం గురించి చెప్పలే. ఏండ్ల కష్టం ఇది. కరెంటు కోతకు పోతదేమో అని కారు బ్యాటరీ తెచ్చి పెట్టిన, ఆ ప్లగ్గు దానిదే. నా చిప్పులకు మతిమరుపు. బంద్ అయినయా, అన్ని మల్ల మొదటి నుంచి రాయాలె. ఎట్ల రాసిన్నో నాకే యాదికి లేదు."

"సరే పో, నేను ప్లగ్గు తియ్య. నువ్వే మాట పంపి ఆపు. ఆపచ్చు గద?"

"ఆపచ్చు. కని పాలకు, దవాఖానకు మినహాయింపు ఇచ్చిండ్రు గద మనోళ్లు. చాయ్‌ల గూడ పాలుంటయి."

"స్తెఫనూ."

"ఇది ఇంట్ల పనన్నా. నాకెవడన్న జీతం ఇస్తాండా దీనికి?"

"జీతం ఉన్నా లేకున్నా పని పనే. గనిల జేసినా పనే, ఇంట్ల జేసినా పనే. ఒక్క చెయ్యి కదిలినా సమ్మె ఇరిగినట్టే. చెల్లే హన్నా, ఇంటున్నవా? నువ్వన్న చెప్పు నీ మొగనికి."

"ఇంటున్న అన్నా. కుక్కరు సప్పుడుకు సగమే ఇనబడ్డది. మల్లొకసారి చెప్పు."

"జీతం ఉన్నా లేకున్నా పని పనే అంటున్న."

"ఇంట్ల జేసినా?"

"ఇంట్ల జేసినా."

"ఎవ్వలకు మినహాయింపు లేదా?"

"ఎవ్వలకు లేదు. సకల జనులంటే సకల జనులే."

"మంచిగ చెప్పినవు."

"చూసినవా స్తెఫనూ? ఆమెకు సమజైంది, నీకు గాలే."

"సరేనన్నా, ఆపుత. కోపం జేయకు. ఇగో... అరె."

"ఏమైంది?"

"ఆగింది."

"ఆపితివి, ఆగింది."

"నేను బటను వత్తలే. వత్తుదామని ఏలు పెట్టేసరికే ఆగింది."

"నంబరు మర్చిపోయిందా ఏంది?"

"లేదు, లైటు ఎల్గుతాంది. ఎవలో ఆగుమన్నరు దాన్ని. హన్నా, నీ డబ్బ ముట్టినవా?"

"ముట్టిన. నేనే ఆపిన."

"ఆమెకు గూడ బటన్ల డబ్బ ఉన్నదా?"

"రెండు చేసిన. చాయ్ ఎక్కించేది ఆమెనే గదన్నా. ఆమె ఆపుమంటే ఆగుతది, నేను పొమ్మన్నా పోదు."

"సెబాస్ చెల్లే. సమ్మె జేసుడంటే నిన్ను జూసి నేర్సుకోవాలె. ఇగో, జీపు సప్పుడైతాంది, వచ్చినట్టున్నరు. జల్ది పళ్లాలు పెట్టు. కూర అయిందా?"

"సగం ఉడికింది. పొయ్యి గూడ ఆపిన. నువ్వు ఎదురువోయి ధైర్నంగ చెప్పు అన్నా, మన లైన్ల సమ్మె ఇప్పుడు నూటికి నూరు పాళ్లు అయింది."