సీరియల్ అత్త తిడితే చేపిన గేదె

కొండబాబుకి నోరు తెరవాలంటే బెదురంట. పదిమందిలో కాదర్రా, పెళ్ళాం ముందు కూడా అంతే. కూర చాలా అంటే తలూపుతాడు, వద్దా అంటే తలూపుతాడు, ఏ ఊపు దేనికో నూకరత్నమే కనిపెట్టుకోవాలి. వాడు నోరారా మాట్టాడేది ఒక్క గేదెతోనే. దాని నుదుట తెల్లమచ్చ, అందుకని బొల్లి అంటారు. చంటిదప్పట్నించీ వాడి చేతుల్లో పెరిగింది. సరే, ఆ యేడు ఏమైందంటే, బొల్లి ఈనింది గానీ దూడ వానల్లో పోయింది. దూడ మూతి పెడితేనే గదా గేదె చేపేది, పొదుగులోకి పాలు దిగేది. దూడ లేకపోయేసరికి ఎంత నిమిరినా చుక్క రాల్లేదంట.

అప్పుడే వాళ్ళింటికి టీవీ వచ్చిందనుకో. ప్రపంచమంతా వచ్చేసిందంటగా, మంచుకొండల మీద గొర్రెలు కాసుకునేవోళ్ళ గుడిసెల్లో కూడా ఉందంట, మనవెంత. నూకరత్నం సీరియల్ మానలేదు, పొదుగు నిమరటం మానలేదు. టీవీని అరుగు మీదకి లాక్కొచ్చి, పాక వైపు తిప్పి పెట్టుకుంది. ఓ కన్ను చెంబు మీద, ఓ కన్ను టీవీ మీద. ఆ సీరియల్లో అత్త గయ్యాళి. ఆవిడ చిన్నకోడలి మీదకెళ్ళి "ఈ గడపలో నా మాటే మాట" అని అరిచిందా, ఇక్కడ బొల్లి చెవులు వాల్చి, నెమరేసుకుంటా, చేపేసిందంట! చెంబు నిండి నురగ పొంగింది. మర్నాడూ అంతే. పొద్దున పూట మళ్ళీ అదే వేస్తారుగా, అప్పుడూ అంతే. కోడలు ఏడిస్తే చేపదు, అత్త తిడితేనే. వీధిలో ఆడోళ్ళు "మా అత్త తిడితే మాకు ముద్ద దిగదు, నీ గేదెకి పాలు దిగుతున్నాయేంటే" అని ఒకటే నవ్వంట. కొండబాబు మాత్రం, ఆడోళ్ళ సీరియల్ నాకెందుకన్నట్టు, పాక వెనక గడ్డి సర్దుకునేవాడు. రోజూ ఆ టయానికే సర్దాలి. అంత గడ్డి మన ఊళ్ళో ఎవరికుందర్రా?

ఇలా ఉండగా ఆ సీరియల్ అయిపోయింది. అత్తకి బుద్ధొచ్చింది, కోడల్ని కావలించుకుంది, అందరూ నవ్వుతా నిలబడ్డారు, శుభం. సోమవారం కొత్తది మొదలెట్టారు. అందులో అత్త వెన్నముద్ద. బొల్లి మొహం తిప్పేసింది. నూకరత్నం పాత సీరియల్ పాట కూనిరాగం తీసింది, లాభం లేదు. పక్కింటి సత్తెమ్మది ఊరెరిగిన నోరు గదా, ఆవిణ్ణి పిలిచి తిట్టమన్నారు. ఆవిడ మనసారా తిట్టింది, బొల్లి కట్టుతాడు తెంపుకుని పోయింది. పొదుగు చూస్తే రాయిలా బిగిసిపోతంది. నూకరత్నానికీ బాధే, కానీ ఏం చేస్తాది? "ఇంక ఇది వట్టిపోద్దయ్యా. శనివారం సంతకి తోలెయ్, బేరగాడికి చెప్పొచ్చాను" అంది. కొండబాబు తలూపాడు. అది ఏ ఊపో ఈసారి ఆవిడకీ తెలీలేదంట.

శుక్రవారం సందేళ నూకరత్నం బిందె తీసుకుని నీళ్ళకెళ్ళింది. కొండబాబు అటు చూశాడు, ఇటు చూశాడు. తువ్వాలు భుజం నిండా పమిటలాగా కప్పుకున్నాడు. బొల్లి పక్కన కూచుని, గొంతు సన్నం చేసి, "ఈ గడపలో నా మాటే మాట" అన్నాడంట. బొల్లి చెవి కదిపింది. "నీ పుట్టింటి గొప్పలు నా దగ్గర కాదే చిన్నకోడలా. తాళంచెవులు అక్కడ పెట్టి మాట్టాడు" అన్నాడు. ఒక్క మాట పొల్లు పోలేదు, ఆవిడ ముక్కు ఎగబీల్చటంతో సహా దింపేశాడు. బొల్లి చెవులు వాల్చింది. సుయ్యి సుయ్యిమని ధార. వాడు పితుకుతా తిడతన్నాడు, తిడతా పితుకుతన్నాడు, కళ్ళెమ్మట నీళ్ళు కారతన్నాయంట.

నూకరత్నం బిందె చంకనేసుకుని దడి పక్కన నిలబడిపోయింది. కాపురానికొచ్చాక మొగుడు అంతసేపు మాట్టాడగా వినటం అదే మొదలు. వాడు తలతిప్పి చూశాడు. మాట ఆగిపోయింది, దాంతోపాటే పాలూ ఆగిపోయాయి. తువ్వాలు తీసేద్దామా అంటే పొదుగు ఇంకా నిండుగానే ఉంది, ఉంచుకుందామా అంటే ఎదురుగా పెళ్ళాం.

"గడ్డి బానే సర్దావయ్యా" అంది నూకరత్నం, నవ్వు పెదాల కింద నొక్కుకుని. "ఆపమాక. మరి ఆ అత్తకి బుద్ధొచ్చింది గదా, ఆ తర్వాత ఏమవుద్ది?"

కొండబాబు బొల్లి వంక చూశాడు. "బుద్ధా, దానికా?" అన్నాడంట. "అదంతా నాటకం. తాళంచెవులు ఇంకా దాని బొడ్లోనే ఉన్నాయి."

"అమ్మో" అని నూకరత్నం బిందె దించి అక్కడే చతికిలబడింది.

శనివారం సంతలో బేరగాడు సందేళ దాకా చూసి పోయాడంట. ఇప్పుడు ఆ వీధి వీధంతా పాలకని చెంబులు పట్టుకొచ్చి పాక ముందు కూచుంటాది. టీవీ ఇంట్లో ఒక్కతే వాగుతా ఉంటాది పాపం. కొండబాబా? ఇప్పటికీ కూర చాలా అంటే తలే ఊపుతాడు. ఆ అత్తకి బుద్ధెప్పుడొస్తాదని మాత్రం నన్నడగమాకండి. బొల్లి పాలిచ్చినన్నాళ్ళూ రాదు.