తుడుపుదొరకి ఆఖరి సంచిక

(బొమ్మల పుస్తకాలు తయారయ్యే గది. బల్ల మీద ఇంకు ఆరని పేజీలు. బొమ్మలు గీసే ఆవిడ, ఆవిడకి ఒకప్పుడు డ్రాయింగ్ నేర్పిన మాస్టారు.)

"చెవి తప్పమ్మా. మిగతాదంతా నేనే. చెవి మాత్రం నాది కాదు."

"మాస్టారూ, చెవి గురించి చెప్పడానికి ఇన్ని మెట్లు ఎక్కొచ్చారా?"

"ఏం చెయ్యను, తప్పు కనిపిస్తే కాలు నిలవదు నాకు. ఇదిగో ఈ పేజీ చూడు. తుడుపుదొర వంతెనని తుడిపేస్తున్నాడు. ఆ వంగిన మెడ నాది. జేబులో పెన్సిళ్ళు నావి. బొటనవేలు నాలిక మీద అద్దుకోవడం, అదీ నేనే. చెవి చూస్తే చేటంత!"

"కోపం రాలేదా మీకు?"

"దేనికి?"

"మిమ్మల్ని విలన్ని చేశానని."

"కోపమా! అమ్మాయ్, మా వీధి పిల్లలు నన్ను చూస్తే బొటనవేలు పైకెత్తి పరుగు తీస్తారు తెలుసా? ఒకడైతే రోజూ గేటు దగ్గరే కాపలా. 'దొరా, దొరా, మా లెక్కల టీచర్ని తుడిపెయ్యవా' అని. స్కూల్లోంచి రిటైరయ్యాక నన్ను పలకరించిన పిల్లాడు లేడు. ఇంట్లో గోడలూ నేనూ. ఇప్పుడు పాల కోసం వెళ్తే పది మంది వెంటపడతారు."

"అంటే మీరు... సంతోషంగా ఉన్నారా?"

"ఉండకూడదా?"

"ఉండకూడదు!"

"అరుస్తావేమ్మా?"

"సిగ్గుతో చస్తారనుకున్నా. వీధిలోకి రావాలంటే మొహం చెల్లదనుకున్నా. ఎవరైనా మిమ్మల్ని చూపించి నవ్వితే చాలు, నా కడుపు మంట చల్లారుతుందనుకున్నా. మీరేమో ఊరేగుతున్నారు!"

"ఓహో. నేనింకా గురుభక్తి అనుకున్నానే."

"గురుభక్తి! మాస్టారూ, మీ మీద పగతో గీశాను ఒక్కో గీత. పళ్ళు కొరుక్కుంటూ గీశాను."

"కనిపిస్తోంది. అందుకే అంత బాగా వచ్చింది."

"పొగడకండి."

"పొగడ్త కాదు, పాఠం. పగబట్టినవాణ్ని చూసినంత శ్రద్ధగా మనం ఇంకెవర్నీ చూడం. నా చొక్కాకి ఏ గుండీ ఊడిందో కూడా గీశావు. మరి నీ రెక్కలమ్మని చూడు. హీరోయినే, కాదన్ను. ఎగురుతుంది, మంటలార్పుతుంది, పసిపిల్లల్ని ఎత్తుకొస్తుంది. కానీ కోపం రాదు, ఆకలెయ్యదు, ముక్కు కారదు. ఉప్పూకారం లేని మనిషి. పైగా ఆ ముసుగొకటి. ప్రతి సంచికా చదివాను, ఒక్కదాంట్లోనైనా మొహం చూపించవేం?"

"ఆవిడ జోలికి రాకండి."

"ఊరికే అడిగాను. మొహం లేకపోతే మనిషి ఎలా—"

"ఆవిడ జోలికి రావద్దన్నాను."

"సరే. రాను. నా సంగతే మాట్లాడుకుందాం. ఇంతమంది విలన్లున్నారు కదా, ఒకడు నిప్పులు కక్కుతాడు, ఒకడికి ఆరు చేతులు. పిల్లలు వాళ్ళనెవర్నీ తలుచుకోరు. నన్నే ఎందుకంటావ్?"

"మీరే చెప్పండి. పాఠం అన్నారుగా."

"బొటనవేలు. అది అందరి దగ్గరా ఉంటుంది. నిప్పులు కక్కడం పిల్లాడి వల్ల కాదు. వేలు తడిచేసుకుని గోడ మీద మరక తుడవడం ప్రతివాడూ చేస్తాడు. చేసినప్పుడల్లా నేనే గుర్తొస్తా."

"అది కాదు."

"మరి?"

"మీ మాట. తుడుపుదొర ఎవర్నీ చంపుతానని అనడు. ఊరు తుడిపేస్తూ కూడా, 'సరిచేస్తున్నానమ్మా, నీ మంచికే' అంటాడు. నేను చెడ్డవాణ్ని అని చెప్పుకునే చెడ్డవాడితో భయం లేదు మాస్టారూ. తలుపేసుకుంటే సరిపోతుంది. నీ మంచికే అంటూ వచ్చేవాడికి మనమే తలుపు తీస్తాం."

"బాగా చెప్పావ్. ఆ మాట నేనెప్పుడైనా అన్నానా?"

"రోజూ అనేవారు."

"ఏమో. అందరితో అన్నీ అంటాం. సరేగానీ, అసలు సంగతికొస్తా. మొహమాటం లేకుండా అడుగుతున్నా. పుస్తకాల కొట్టాయన ఒక మాటన్నాడు. వచ్చే సంచికలో తుడుపుదొరకి ఆఖరంటగా?"

"నిజమే."

"అంటే?"

"చస్తాడు."

"ఎలా?"

"మీకెందుకు?"

"చచ్చేది నేను కదమ్మా!"

"వానలో. ముందు వేళ్ళు కరుగుతాయి, తర్వాత మోచేతులు. అరవబోతే నోరు కరిగిపోతుంది. చూడ్డానికి ఎవరూ రారు. తెల్లారి మున్సిపాలిటీ మనిషొచ్చి చీపురుతో కాలవలోకి తోసేస్తాడు. అదిగో, ఆ గోడకున్నవన్నీ ఆ పేజీలే."

"అమ్మో. చీపురుతోనా?"

"చీపురుతోనే."

"వద్దమ్మా."

"ఏం, నొప్పిగా ఉందా?"

"ఉంది. నవ్వుకుంటే నవ్వుకో. నాకు పెళ్ళాం పోయింది, కొడుకు ఫోన్ చెయ్యడు. తుడుపుదొర పోతే ఆ గేటు దగ్గర ఇంకెవరూ నిలబడరు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"పట్టుకోనక్కర్లేదు. ఒక్కటి చెప్పండి. నేనెవర్ని?"

"అదేం ప్రశ్న? నా స్టూడెంటువి."

"ఎవర్ని?"

"కిటికీ పక్కన కూచునేదానివి. ఎడమచేత్తో గీసేదానివి."

"కాదు."

"మరి... ఆ, డాక్టరు గారమ్మాయివి!"

"కాదు."

"వయసైపోయిందమ్మా. మనుషులు గుర్తుండరు."

"నాకు గుర్తుంది. మా అమ్మ పోయి నెల కూడా కాలేదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు, మాకంత స్తోమతు లేదు. మొహం మర్చిపోతానేమోనని భయమేసి, సరుకులు కట్టిన పొట్లం కాగితం చాపుకుని బొగ్గుముక్కతో గీశాను. వచ్చింది మాస్టారూ. అచ్చం అమ్మ. మా నాన్న చూసి ఏడ్చాడు. మర్నాడు మీకు చూపిద్దామని తీసుకొచ్చాను. వేరే ఎవరికీ కాదు, మీకు. మీరు బాగుందంటే అది నిజంగా బాగున్నట్టని."

"ఊఁ."

"ఇది మా అమ్మండీ అన్నాను. మీరు వేలు నాలిక మీద అద్దుకున్నారు. 'ముక్కు కుదరలేదు, సరిచేస్తున్నానమ్మా, నీ మంచికే' అన్నారు. ముక్కుతో మొదలెట్టి మొహమంతా తుడిచి, నల్లటి మరక చేసి నా చేతికిచ్చి, మళ్ళీ గియ్యి అన్నారు."

"మళ్ళీ గీశావా?"

"గీశాను! ఆ సాయంత్రం, మర్నాడు, ఆ ఏడాదంతా, నిన్న కూడా గీశాను. రాలేదు. గీసినకొద్దీ దూరమైపోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మా అమ్మ మొహం ఉండాల్సిన చోట మీ వేలిముద్ర కనిపిస్తుంది."

"అయితే ఆ రెక్కలమ్మ ముసుగు..."

"ముసుగు తీస్తే కింద పెట్టడానికి నా దగ్గర మొహం లేదు. ఇప్పుడర్థమైందా చీపురు ఎందుకో?"

"పొట్లం కాగితం అన్నావా?"

"అన్నాను."

"ఒక మూల నూనె మరక ఉండేది కదూ?"

"...ఉండేది."

"ఎడమ కనుబొమ కాస్త పైకి."

"ఏంటి?"

"పై పెదవి పల్చన. నుదుటి మీద జుట్టు పక్కకి చెదిరినట్టు. ముక్కు కొంచెం వంకర. అదే కదా నాకు నచ్చనిది."

"మనుషులు గుర్తుండరన్నారు."

"మనుషులు గుర్తుండరు. బొమ్మలు గుర్తుంటాయి. అందులోనూ తుడిచినవి. బాగున్న బొమ్మని ఎవడు రెండోసారి చూస్తాడమ్మా? వంకర ఉంటే కళ్ళు అక్కడే ఆగిపోతాయి."

"ముక్కు... అవును, నాన్న ఏదో అనేవాడు. అమ్మ చిన్నప్పుడు కిందపడిందని. మాస్టారూ, అయితే నేను తప్పు గియ్యలేదా?"

"మొహమే అలా ఉందేమో."

"గియ్యండి."

"ఏంటి?"

"ఇదిగో పెన్సిల్. ఇదిగో కాగితం. గియ్యండి."

"గీస్తా. మరి తుడుపుదొర?"

"బేరమా? ఇప్పుడా? మా అమ్మ మొహంతోనా?"

"నేను విలన్ని కదమ్మా. నువ్వే చేశావు. నువ్వు నన్ను చీపురు పాలు చేస్తావు, నేను నీకు మీ అమ్మని గీసివ్వాలి. ఇదెక్కడి న్యాయం?"

"ఛీ."

"ఛీ అను, థూ అను. చంపనని మాటియ్యి."

"మీరు మారలేదు."

"ఈ వయసులో మారేదేముంది. మాటియ్యి."

"...చంపను."

"ఇంకోసారి."

"చంపనన్నాను కదా! తుడుపుదొరని చంపను. మా అమ్మ మీద ఒట్టు. గియ్యండి."

"ఆ గోడ మీద పేజీలు?"

"చించేస్తున్నా. ఇదిగో. చూశారా? ఇదిగో, చీపురు పేజీ కూడా. చాలా?"

"చాలు. ఆ కిటికీ తలుపు బాగా తెరువు, వెలుగు చాల్లేదు. తొందర పెట్టకు."

"పెట్టను."

"వెనక నిలబడకు. నాకు చిరాకు."

"పక్కకొస్తా. మాట్లాడను."

"గడ్డం గుండ్రమా, కోలా? ఆఁ, కోల. నువ్వు చెప్పకు, నాకు తెలుసు. కళ్ళ కింద కాస్త అలసట. అప్పటికే ఒంట్లో బాగుండేది కాదేమో?"

"ఉండేది కాదు."

"అదీ. కనుబొమ... జుట్టు... ఇక ముక్కు. ఈసారి సరిచెయ్యను, ఉన్నదున్నట్టు. ఇదిగో. చూసుకో."

"ఇలా ఇవ్వండి, వెలుగులో చూస్తా."

"ఏమ్మా?"

"అమ్మా..."

"కుదిరిందా?"

"ఇదే. ఇదే మాస్టారూ. అమ్మే. ఆ చూపు... నన్ను నిద్రలేపేటప్పుడు ఇలాగే చూసేది. ఇన్నేళ్ళు... ఇన్నేళ్ళు నీ కోసం..."

"ఏడువు, ఏడువు. మంచిదే. నీళ్ళు తాగుతావా?"

"వద్దు. కూచోండి. మీకూ ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"మాట తప్పను. తుడుపుదొరని చంపను."

"బంగారు తల్లివి."

"మంచివాణ్ని చేస్తా."

"ఏంటి?"

"వచ్చే సంచికలో రెక్కలమ్మ అతన్ని క్షమించేస్తుంది. అతను కన్నీళ్ళు పెట్టుకుంటాడు. వేలికి కట్టు కట్టుకుంటాడు. పార్కులో మొక్కలకి నీళ్ళు పోస్తాడు. అందరికీ నమస్కారం పెడతాడు. హాయిగా, ఆరోగ్యంగా, నూరేళ్ళు బతుకుతాడు."

"అదేం పనమ్మా? మొక్కలకి నీళ్ళు పోసేవాణ్ని పిల్లలెందుకు—"

"మీకు ఊబిరాయుడు తెలుసా?"

"ఎవరు?"

"మీకంటే ముందు నా పెద్ద విలన్. కాలు పెడితే చాలు, రోడ్డు ఊబైపోయేది. పిల్లలు పక్కలు తడిపేవాళ్ళు. ఒక సంచికలో మంచివాణ్ని చేశాను. మీరు ప్రతి సంచికా చదివానన్నారు కదా. గుర్తున్నాడా?"

"...లేడు."

"అదీ. చచ్చిన విలన్‌ని పిల్లలు ఏళ్ళ తరబడి తలుచుకుంటారు మాస్టారూ. మంచివాడైన విలన్‌ని సెలవులయ్యేసరికి మర్చిపోతారు. మీ గేటు దగ్గర నిలబడే ఆ పిల్లాడు ఈసారి మిమ్మల్ని చూసి పక్కనుంచి నడిచిపోతాడు. ఎవరో ముసలాయన అనుకుంటాడు."

"ఇంత పగా నీకు?"

"ఇంతే. మీరు నా దగ్గర తీసుకున్నంత. చిటికెడు ఎక్కువ లేదు."

"చీపురే నయం కదే! చంపెయ్ నన్ను. ఆ పేజీలే వేసుకో."

"చించేశాను కదా. మీ కళ్ళ ముందే."

"ఒట్టేశావు!"

"ఒట్టు నిలబెట్టుకుంటున్నా. లేవండి మాస్టారూ. మెట్లు జాగ్రత్త."

"వెళ్తాలే. ఒక్కసారి ఆ కాగితం ఇలా ఇయ్యి."

"ముట్టుకోనివ్వను. ఇది రేపట్నించి రెక్కలమ్మ మొహం. పిల్లలందరూ మా అమ్మని చూస్తారు."

"మంచిది. ఇంట్లో కూడా ఒకటి పటం కట్టించుకో. రోజూ చూసుకో. నన్ను మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరంటావు."

"ఎవరూ పెట్టుకోరు."

"నువ్వు కూడా?"

"అందరికంటే ముందు నేనే మర్చిపోతా. నా పని అయిపోయింది."

"అలాగా. ఒక్క సందేహం అమ్మాయ్, పోతూపోతూ. మీ అమ్మ మొహం నీకు బొత్తిగా గుర్తులేదన్నావు కదూ?"

"లేదు. అందుకే కదా మీచేత—"

"మరి ఆ కాగితం మీదున్నది మీ అమ్మేనని నీకెవరు చెప్పారు?"