లావు ఫోర్కు

తమ్ముడికి కొత్త సైకిల్ కట్టించడానికి మిస్బా బాన్సువాడలోని షాపుకు ఒక్కతే వచ్చింది. పోయినసారి పక్కన తమ్ముడు కూడా ఉన్నాడు.

"తౌహీద్‌కేనా చెల్లె? మళ్ల గా ఫిక్స్‌డ్ గేరేనా?" అడిగాడు షాపతను.

"గదే అన్న. ఒక్కసారి తొక్కితే పెడల్ దానంతట అదే పైకి రావాలె."

"అయితే గీ సన్నం ఫ్రేమ్, సన్నం ఫోర్కు తీస్కో. అల్కగుంటయి."

"వద్దు. దుంకితే వంగనియి సూపెట్టు."

"గవి మస్తు బరువు. ఇగ వాడు దుంకుతడా ఏంది?"

ముందు చక్రాన్ని పట్టి ఉంచే లావు ఫోర్కును మిస్బా చేతుల్లోకి తీసుకుంది. కాలువ గట్టు మీద ముందు చక్రం గాల్లోకి లేపి తమ్ముడు నవ్విన నవ్వు కళ్ల ముందు మెదిలింది.

"దుంకడన్న. డాక్టరు మాకు చెప్పిండు. వాడే ఇంకా దుంకుతనంటుండు. గీ సన్నం ఫోర్కు సూస్తే, మేం ఆశ ఇడిసినమని తెలిసిపోతది."

అతను లావు ఫ్రేమునే కిందికి దించాడు. పెడళ్లు బిగించాక, తల ఎత్తకుండా అడిగాడు.

"కాళ్లు జారకుండ పట్టీలు... రెండు దిక్కులా పెట్టాల్నా?"

మిస్బా ఫోర్కును గట్టిగా పట్టుకుంది.

"ఒక్కటే సాలన్న. పట్టు లేని ఎడమ కాలికి."