అన్నిటికీ ఐదే

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళు ఎలా ఉన్నారో తెలుసుకునే పరిశోధన అది. ఒక్కో ప్రశ్నకూ ఐదుకి మార్కులు వేయాలి. ఆపరేషన్ చేయించుకున్న టైలరమ్మ నింపి ఇచ్చిన కాగితం చూసి నర్సుకు అనుమానం వచ్చింది.

“అన్నిటికీ ఐదుకి ఐదే వేశారేంటమ్మా?”

“డాక్టరుగారు ఎనిమిది గంటలు నిలబడి కొత్త రొమ్ము కుట్టారు. తక్కువేస్తే ఏం బాగుంటుంది?”

“ఆయన ఇది చూడరు. దీనిమీద మీ పేరు కూడా ఉండదు.”

“ముందే చెప్పొద్దూ.”

“మీ కొట్టుకొచ్చేవాళ్ళూ అంతా బాగుందనే అంటారా?”

“అంటారు. అలా అన్నవాళ్ళు ఆ బట్టలు తొడుక్కుని ఎప్పుడూ కనబడరు.” టైలరమ్మ చెయ్యి చాపింది. “ఆ కాగితం ఇలా ఇవ్వు.”

“‘ఇది నా ఒళ్ళే అనిపిస్తోంది.’ దీనికెంత?” కాగితం ఇస్తూ నర్సు చదివింది.

“ఒకటి. ఆర్నెల్లయినా ఎవరిదో తొడుక్కున్నట్టే ఉంది.”

ఆమె ఒక్కో ఐదూ కొట్టేస్తూ కిందిదాకా వచ్చి ఆగింది.

“కుట్టుకి మాత్రం ఐదు ఉంచుతున్నా. అది మొహమాటానికి వేసింది కాదు.”