పద్యం వినపడట్లేదు

రంగస్థలం మీద నలభై ఏళ్లు పద్యాలు పాడిన గురునాథానికి బాపట్ల నాటక సమాజం ఆ ఆదివారం ఆన్‌లైన్లో సన్మానం తలపెట్టింది. రేపల్లెలో ఆయన పక్కనే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న భార్య ఆండాళమ్మ, ఆయన ఫోటోలూ పాత పద్యాల రికార్డులూ కలిపి వీడియోగా కూర్చిచ్చిన తెనాలి కంప్యూటర్ షాపు ఫర్హానాకు ఫోన్ చేసింది.

“సమాజం వాళ్లకి బొమ్మలు కనపడుతున్నాయంట ఫర్హానా, పద్యమే వినపడట్లేదంట. ఇక్కడ మా గదిలో మాత్రం ఖంగుమంటోంది.”

“మీ గదిలో వినపడితే చాలదు పిన్నిగారూ, బొమ్మతోపాటు సౌండు కూడా వాళ్లకి పంపాలి. ముందు షేర్ ఆపెయ్యండి.”

“ఆపితే బొమ్మలు పోవూ?”

“పోతే పోనీండి, మళ్లీ పెడదాం. ఆపారా?”

“ఆ... ఆపా. అందరి మొహాలూ వచ్చినాయి. అదుగో, సమాజం సెక్రటరీ వరప్రసాదంగారు చెవి చూపిస్తున్నారు.”

“ఒకసారి మైకు కూడా చూద్దాం. బాబాయిగారిని ఏదన్నా మాట్లాడమనండి.”

“మైకు బాగానే ఉందమ్మా.”

“ఒక్క మాటండి. హలో అన్నా చాలు.”

“నేనంటాలే. హలో, హలో.”

“మీరు కాదండి, సన్మానం ఆయనకి కదా. ఆయన గొంతు ఎంతవరకు...”

“రాదమ్మా.”

“ఏంటి, మైకా?”

“గొంతు. తీసేశారు. మొన్న శ్రావణంలో, గుంటూర్లో. క్యాన్సరు. నీ షాపుకొచ్చినప్పుడే చెబుదామనుకున్నా, నోరు రాలా.”

“అయ్యో... పిన్నిగారూ...”

“ఏడవబాక. వాళ్లు కాచుకుని ఉన్నారు. ఇప్పుడేం నొక్కాలి?”

“షేర్... షేర్ నొక్కండి. ఇంకో చిన్న పెట్టె తెరుచుకుంటుంది. దాని అడుగున ఎడం పక్క, షేర్ సౌండ్ అని ఉంటుంది చూడండి. అక్కడ టిక్కు పెట్టాలి.”

“టిక్కు... టిక్కు... ఆ, పడింది.”

“ఇప్పుడు మన బొమ్మలు ఎంచుకుని షేర్ కొట్టండి. పద్యం మొదట్నించీ పెట్టండి.”

“పెట్టా. ఉండు... ఉండు... వినపడుతోందంట! వరప్రసాదంగారు తల ఊపుతున్నారు. రాగం తీశారో లేదో చప్పట్లమ్మా, అందరూ చప్పట్లు!”

“అమ్మయ్య! బాబాయిగారు చూస్తున్నారా?”

“చూస్తున్నారమ్మా... ఒక్క నిమిషం.”

“పిన్నిగారూ? ఉన్నారా?”

“ఉన్నా. పెదాలు కదుపుతున్నారు... పద్యంతోపాటే. మెడకి కట్టిన గుడ్డ గట్టిగా పట్టుకుని...”

“ఏడుస్తున్నారా అండీ?”

“పలక మీద ఏదో రాస్తున్నారు. ఆగు... అమ్మాయ్, వాళ్లకి వినపడుతూనే ఉండాలంట. మా గదిలో మాత్రం వినపడకూడదంట. దానికేం నొక్కాలి?”