కమాండు ఓడ పేరు

అంతర్వేది రేవులో కొత్త పడవ మీద పేరు రాయడానికి పెయింటరు రంగు కలుపుకుంటున్నాడు. భార్యాభర్తలు ఇంకా ఒక మాట మీదికి రాలేదు.

“‘విజయధ్వజ’ అని రాయిద్దామే. మా నాన్న యుద్ధంలో పనిచేసిన ఓడ పేరది.”

“పడవకి అమ్మవారి పేరు పెట్టుకుంటారు గానీ, ఇదేంటయ్యా? ఇంతకీ ఆ ఓడ ఎన్నిటిని ముంచింది?”

“ఒక్కదాన్నీ ముంచలేదు. అది కమాండు ఓడ. వెనకుండి మిగతావాటికి ఆర్డర్లేస్తుంది.”

“మరి ముందుకెళ్లి పేల్చిందెవరు?”

“చిన్న ఓడలు.”

“పేరెవరికొచ్చింది?”

“కమాండు ఓడకే.”

“అయితే వేటకెళ్లే పడవకెందుకయ్యా ఆ పేరు? నువ్వు గట్టున పడుకుని మా తమ్ముళ్లకి ఆర్డర్లేసే మడతమంచం ఉందిగా, దానికి రాయించు.”

“సరేలే, దుర్గమ్మ పేరే రాయమను.”

“నేనెందుకు? కమాండు నీది కదా, నువ్వే చెప్పు.”